బసంత్‌నగర్‌కి విమానం ఎంతసేపు?

ఐరోపాలో ఏవైనా రెండు నగరాల పేర్లు ఫోన్‌లో కొట్టి, పక్కన 'దూరం' అని చేర్చి చూడండి. జవాబు రావడానికి అర సెకను పట్టదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బ్రస్సెల్స్‌కి తిన్నగా గీత గీస్తే సుమారు 173 కిలోమీటర్లు. విమానంలో ముప్పావు గంట, రైల్లో దాదాపు రెండు గంటలు. ఆ రెండు ఊళ్లకీ మనలో చాలామందిమి ఎప్పటికీ వెళ్లకపోవచ్చు. అయినా ఆ మూడు అంకెలు చదవగానే అవేవో మనకి తెలిసిన ఊళ్లలాగే అనిపిస్తాయి.

అదే ప్రశ్న మన దగ్గర అడుగుదాం. హైదరాబాద్ బేగంపేట నుంచి పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌కి ఎంత దూరం? అక్షాంశాలు, రేఖాంశాలు పెట్టుకుని లెక్క కడితే దాదాపు 170 కిలోమీటర్లు. అంటే ఆమ్‌స్టర్‌డామ్-బ్రస్సెల్స్ దూరమే, ఇంచుమించుగా. మరి విమానంలో ఎంతసేపు? ఇవాళ ఎవరైనా ఈ మాట అడిగితే 'బసంత్‌నగర్‌కి విమానమా!' అని నవ్వుతారు. కానీ 1980లలో ఈ ప్రశ్నకి నిజంగానే ఒక జవాబు ఉండేది. విమానం ఉండేది, టికెట్టు ఉండేది, దిగడానికి రన్‌వే ఉండేది.

రెండు ఊళ్ల మధ్య ఎన్ని కిలోమీటర్లు ఉండాలో భూమి నిర్ణయిస్తుంది. ఆ కిలోమీటర్లు దాటడానికి ఎవరికి ఎంతసేపు పట్టాలో మాత్రం మనుషులే నిర్ణయిస్తారు. బసంత్‌నగర్ రన్‌వే కథ ఆ నిర్ణయాల కథే.

* * *

రాజీవ్ రహదారి మీద కరీంనగర్, పెద్దపల్లి దాటి రామగుండం వైపు వెళ్లేవాళ్లకి బసంత్‌నగర్ అంటే ముందు గుర్తొచ్చేది టోల్‌గేటు, ఆ తర్వాత సిమెంటు ఫ్యాక్టరీ. ఊరి పేరు పాతది కాదు. పాత ఊళ్లు పాలకుర్తి లాంటివి చుట్టూ ఉన్నాయి. బసంత్‌నగర్ అనేది ఫ్యాక్టరీతో పాటు పుట్టిన పేరు. కేశోరాం కంపెనీని నడిపిన బసంత్ కుమార్ బిర్లా పేరే ఆ ఊరికి వచ్చిందని అక్కడివాళ్లు చెప్తారు. కేశోరాం పుట్టింది కలకత్తాలో, 1919లో, బట్టల మిల్లుగా. యాభై ఏళ్ల తర్వాత, 1969లో, ఆ కంపెనీ గోదావరికి ఇవతల ఈ మెట్టనేలలో సిమెంటు తయారీ మొదలుపెట్టింది.

ఎందుకు ఇక్కడే? సిమెంటుకి కావాల్సినవి ప్రధానంగా రెండు: సున్నపురాయి, దాన్ని కాల్చడానికి బొగ్గు. సున్నపురాయి ఇక్కడి నేలలోనే ఉంది. బొగ్గు పక్కనే గోదావరిఖనిలో ఉంది. సరుకు పంపడానికి కాజీపేట-బల్లార్షా రైలు మార్గం ఉంది. 1929లో ఆ మార్గం పూర్తయ్యాకే మద్రాసు నుంచి ఢిల్లీకి ఈ దారిన రైలు తిన్నగా వెళ్లగలిగింది. దేశపు ఉత్తర దక్షిణాలను కలిపే ఇనుప దారి పక్కనే రాయి, బొగ్గు రెండూ దొరికే చోటు ఏ వ్యాపారికైనా వరమే.

ఆ వరంలో ఒక లోటు ఉంది. రాయి దగ్గర, బొగ్గు దగ్గర, రైలు దగ్గర. యజమాని మాత్రం దూరం. కలకత్తాలో ఉన్న పెద్దలు హైదరాబాద్ దాకా విమానంలో వచ్చినా, అక్కడినుంచి రోడ్డు మీద 210 కిలోమీటర్లు, రైలు అయితే కాజీపేట మీదుగా చుట్టు తిరిగి సుమారు 225 కిలోమీటర్లు. అప్పటి రోడ్డు ఇప్పటి నాలుగు వరసల రోడ్డు కాదు. వచ్చి ఫ్యాక్టరీ చూసుకుని పోవడానికి రెండు పగళ్లు పోతాయి. అందుకని ఫ్యాక్టరీ అవసరాల కోసం కంపెనీయే బసంత్‌నగర్‌లో ఒక చిన్న రన్‌వే వేయించింది. పుస్తకాల్లో దానికి రామగుండం విమానాశ్రయం అని పేరు. నిజానికి అది ఫ్యాక్టరీ పెరట్లోని విమానాల దారి.

ఇది కొత్త పద్ధతేం కాదు. వరంగల్ పక్కన మామునూరులో నిజాం కాలంలో విమానాశ్రయం వెలిసినప్పుడు కూడా దాని వెనక చెప్పుకునే కారణాల్లో ఆజంజాహి మిల్లు ఒకటి, సిర్పూర్ కాగజ్‌నగర్ కాగితం మిల్లు ఒకటి. తెలంగాణలో రైలు సరుకు వెంట వచ్చింది. విమానం సరుకు యజమాని వెంట వచ్చింది.

* * *

యజమాని కోసం వేసిన రన్‌వే మీద మామూలు టికెట్టు కొన్నవాడు కూడా దిగే రోజు వాయుదూత్ వల్ల వచ్చింది.

1981 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా రెండింటినీ భాగస్వాములుగా పెట్టి వాయుదూత్ అనే చిన్న సంస్థను మొదలుపెట్టింది. ముందు అనుకున్నది ఈశాన్య రాష్ట్రాల కోసం. కొండలూ నదులూ అడ్డంగా ఉండి, రైలు పోని ఊళ్లకి చిన్న విమానాలు నడపాలన్నది ఆలోచన. కొన్నాళ్లకే అది దేశమంతా పాకింది. పెద్ద జెట్ విమానం దిగలేని ఊళ్ల జాబితా తయారైంది. మన దగ్గర ఆ జాబితాలోకి వచ్చిన ఊళ్లలో రామగుండం ఒకటి. విమానం దిగేది బసంత్‌నగర్‌లో.

1980ల మధ్య నుంచి వాయుదూత్‌కి నమ్మకమైన బండి డోర్నియర్ 228. జర్మనీలో రూపుదిద్దుకున్న విమానం ఇది. మొదటిసారి ఎగిరింది కూడా 1981లోనే. తర్వాత లైసెన్సు తీసుకుని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ కాన్పూర్‌లో వీటిని తయారుచేయడం మొదలుపెట్టింది. రెండు ప్రొపెల్లర్లు, పంతొమ్మిది సీట్లు. నడవాకి అటొకటి ఇటొకటి సీటు కాబట్టి అందరికీ కిటికీ దొరికేది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి ఎక్కువ ఎత్తుకి పోదు. పొట్టి రన్‌వే మీద దిగగలదు, లేవగలదు. పెద్ద విమానాశ్రయాల కోసం పుట్టిన విమానం కాదు, బసంత్‌నగర్ లాంటి చోట్ల కోసమే పుట్టింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. డోర్నియర్ వేగం గంటకి 350 నుంచి 400 కిలోమీటర్ల మధ్య. 170 కిలోమీటర్లకి దగ్గరదగ్గర అరగంట. పైకి లేవడానికి, దిగే ముందు వేగం తగ్గించుకుని రన్‌వేకి ఎదురుగా రావడానికి ఇంకో పది నిమిషాలు వేసుకోండి. మొత్తం నలభై నిమిషాలు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బ్రస్సెల్స్‌కి ఇవాళ పట్టే సమయం కంటే ఎక్కువేం కాదు. రోడ్డు మీద సగం పగలు తినే దూరం ఆకాశంలో ఒక సీరియల్ ఎపిసోడ్ అంత.

దూరం, సమయం అంటూ లెక్కలు చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. మనకి అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది: ఆ పంతొమ్మిది సీట్లలో ఎవరు కూర్చున్నారు?

* * *

1980ల రామగుండాన్ని ఒకసారి తలచుకోవాలి. ఎన్టీపీసీకి 1978 నవంబర్‌లో శంకుస్థాపన జరిగింది. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ నడిచింది. తర్వాత పెరిగి పెరిగి 2,600 మెగావాట్లకి చేరింది. బొగ్గుతో ఎరువు తయారుచేసే ఎఫ్‌సీఐ కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. సింగరేణి గనులు గోదావరిఖనిలో 1960ల మొదట్లో తెరుచుకుని, అప్పటికి వేలాది మంది పనివాళ్లతో పెద్ద పట్టణాన్నే పుట్టించాయి. ఒక పాతిక కిలోమీటర్ల లోపల బొగ్గు, కరెంటు, ఎరువు, సిమెంటు. దేశంలో ఇలాంటి చోట్లు చాలా తక్కువ. ఢిల్లీ నుంచి ఇంజినీర్లు, కలకత్తా నుంచి మేనేజర్లు, యంత్రాలు అమర్చడానికి వచ్చిన విదేశీ నిపుణులు, తనిఖీలకి వచ్చే అధికారులు, మంత్రులు. వీళ్లకోసం పంతొమ్మిది సీట్లు చాలు. ఒక్కోసారి ఎక్కువే.

బొగ్గు తీసే మనిషికి ఆ విమానం ఏమిటి? తల ఎత్తి చూసేది. అంతే.

అతని రోజులో ఇంకో నలభై నిమిషాలు ఉన్నాయి. గోదావరిఖని పాత గనుల్లో చాలావాటికి ఇంక్లైన్ అని పేరు. నేల మీది నుంచి ఏటవాలుగా లోపలికి దిగే సొరంగం. 'వన్ ఇంక్లైన్', 'ఫైవ్ ఇంక్లైన్' అంటూ నంబర్లతోనే గనులకి, వాటి పక్కన వెలిసిన కాలనీలకి పేర్లు. మస్టర్ పడ్డాక, లైటు తగిలించుకుని ఆ ఏటవాలులో నడిస్తే, బొగ్గు తీసే చోటుకి చేరడానికే చాలా గనుల్లో అరగంట పైన పట్టేది. గని పాతబడేకొద్దీ బొగ్గు దూరం జరుగుతుంది కాబట్టి నడక ఇంకా పెరుగుతుంది. షిఫ్టు అయ్యాక ఆ ఏటవాలే ఎక్కాలి, అలసిన కాళ్లతో. మనుషుల్ని మోసే మ్యాన్ రైడింగ్ యంత్రాలు చాలా గనుల్లోకి ఎంతో ఆలస్యంగా వచ్చాయి. బొగ్గుని పైకి లాగే టబ్బులు, బెల్టులు ఎప్పుడో ఉన్నాయి. బొగ్గుకి నడక తప్పింది, మనిషికి తప్పలేదు.

పైన 170 కిలోమీటర్లకి నలభై నిమిషాలు. కింద రెండు మూడు కిలోమీటర్లకి నలభై నిమిషాలు. ఒకే ఊరు, ఒకే కాలం.

ఇందులో కాలం ధర అనే మాట నేను ఊరికే అనడం లేదు. వాయుదూత్ పుట్టిన 1981లోనే సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. సింగరేణి కార్మిక సమాఖ్య పేరు బొగ్గుగనుల్లో మారుమోగింది అప్పుడే. దాని వెనకున్న కారణాన్ని ఈ తరం మళ్లీ చదువుకోవాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఒక నిబంధన ఉంది. పదిమంది గానీ అంతకుమించి గానీ కలిసి, ముందుగా నోటీసు ఇవ్వకుండా పని మానేస్తే, మానినదానికి అదనంగా ఎనిమిది రోజుల జీతం దాకా కోయొచ్చు. ఆ నిబంధనని తమ మీద వాడినందుకు కార్మికులు తిరగబడ్డారు. పై అధికారి ఒక పగలు మిగుల్చుకోవడానికి విమానం నడుస్తుంది. పనివాడు ఒక పగలు తనదనుకుంటే ఎనిమిది పగళ్ల కూలి పోతుంది. బసంత్‌నగర్ రన్‌వేకి, గోదావరిఖని గని ద్వారానికి మధ్య ఉన్న అసలు దూరం ఇది. మ్యాపులో ఇది ఎక్కడా కనపడదు.

* * *

వాయుదూత్ నిలవలేదు. ఒక దశలో దేశంలో వంద దాకా ఊళ్లకి ఎగిరానని చెప్పుకున్న సంస్థ నష్టాల్లో మునిగి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. దానికి ముందే చాలా ఊళ్లకి విమానాలు రావడం మానేశాయి. పంతొమ్మిది సీట్ల విమానంలో ఒక్కో సీటు మీద పడే ఖర్చు చాలా ఎక్కువ. ప్రభుత్వం భరిస్తే తప్ప నడవదు. ప్రభుత్వం ఎంతకాలం భరిస్తుంది, ఎవరికోసం భరిస్తుంది అనేవి విమానాల ప్రశ్నలు కావు, రాజకీయ ప్రశ్నలు.

ఐరోపా కథ కూడా ఇలాగే మొదలైంది. 1919 ఆగస్టు 25న లండన్ నుంచి పారిస్‌కి రోజువారీ విమాన సర్వీసు మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబరు విమానాన్నే మార్చి వాడారు. ఆ రోజు అందులో ఎక్కిన ప్రయాణికుడు ఒకే ఒక్కడు, ఒక పత్రికా విలేఖరి. మిగతా చోటంతా సరుకు: వార్తాపత్రికలు, మీగడ, వేటాడిన పక్షుల మాంసం. రెండున్నర గంటల ప్రయాణం. అక్కడా మొదట ఎగిరింది డబ్బున్నవాళ్లూ వాళ్ల భోజనాల బల్ల మీదికి చేరే సరుకులూ. మామూలు మనిషి ఆ దూరాన్ని రైలు, ఓడ, మళ్లీ రైలు మీద దాటేవాడు.

తేడా తర్వాత వచ్చింది. ఐరోపా తన రైళ్లని వదల్లేదు. 1994లో సముద్రం కింది సొరంగంలో యూరోస్టార్ మొదలైంది. ఇవాళ లండన్ నడిబొడ్డున ఎక్కితే పారిస్ నడిబొడ్డున దిగడానికి రెండుంపావు గంటలు చాలు. 1919లో గొప్పవాళ్లు విమానంలో దాటిన సమయం కంటే తక్కువలో ఇప్పుడు ఒక విద్యార్థి రైల్లో దాటుతాడు.

మన 170 కిలోమీటర్లకి జోడీగా చెప్పుకున్న ఆమ్‌స్టర్‌డామ్-బ్రస్సెల్స్ సంగతి ఇంకా తమాషా. రైలు రెండు గంటల్లో చేరుస్తుంటే విమానం ఎవరెక్కుతారు? ఎక్కేవాళ్లలో చాలామంది ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్లేవాళ్లు కాదు. అక్కడ దిగి ఇంకో పెద్ద విమానం ఎక్కి అమెరికాకో ఆసియాకో పోయేవాళ్లు. ఆ చిన్న విమానం పెద్ద ప్రయాణానికి గుమ్మం లాంటిది. 2019లో కేఎల్ఎమ్ సంస్థ ఆ దారిలో రోజుకి నడిపే ఐదు విమానాల్లో ఒకదాన్ని మానేసి, ఆ ప్రయాణికుల్ని రైలెక్కిస్తానని ప్రకటించింది. ఫ్రాన్స్ ఇంకో అడుగు వేసి, రైల్లో రెండున్నర గంటల లోపు చేరగలిగే చోట్లకి దేశీయ విమానాలు వద్దని చట్టం చేసింది. 2023 మే నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం వల్ల ఆగిపోయినవి పారిస్ ఓర్లీ నుంచి మూడు దారులే. పైగా వేరే విమానం అందుకోవడానికి వెళ్లేవాళ్లకి మినహాయింపు. లాభం కొంచెమే కావచ్చు. అయినా ఆ చట్టం ఒక మంచి ప్రశ్న అడిగింది: విమానం ఎంతసేపు అన్నది కాదు, విమానం లేకపోతే మనిషికి ఎంతసేపు?

ఆ ప్రశ్న బసంత్‌నగర్‌కి అన్వయిస్తే జవాబు అంత సుఖంగా ఉండదు.

* * *

వాయుదూత్ పోయాక బొగ్గుగనుల ప్రాంతానికి హైదరాబాద్ దగ్గరవ్వాల్సింది పోయి ఇంకాస్త దూరం జరిగింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుని, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. శంషాబాద్ నగరానికి దక్షిణాన ఉంది. బసంత్‌నగర్ నగరానికి ఈశాన్యాన. తిన్నగా గీత గీస్తే 170 కాస్తా 190 అయింది. నేల మీద ఇంకా ఎక్కువ. నగరంలోంచి దూరాలి, లేదా ఔటర్ రింగురోడ్డు మీద చుట్టాలి.

సరిగ్గా ఆ కాలంలోనే విమానం ఎక్కే మనిషి మారిపోయాడు. 1980లలో ఈ ప్రాంతం నుంచి ఎగిరినవాళ్లు అధికారులు, మేనేజర్లు. 2000 తర్వాత ఎగిరేవాళ్లు గల్ఫ్‌కి పోయే కూలీలు, అమెరికాకో ఆస్ట్రేలియాకో చదువుకి పోయే సింగరేణి కార్మికుల పిల్లలు. గని దిగి నడిచినవాళ్ల పిల్లలే. ఉమ్మడి కరీంనగర్ జిల్లా గల్ఫ్ వలసలకి పెట్టింది పేరు. రాత్రి రెండింటికి దుబాయ్ విమానం అంటే ఇంటి దగ్గర మధ్యాహ్నమే బయల్దేరడం. ఇంటిల్లిపాదీ సాగనంపడానికి ఒక బండి మాట్లాడుకోవడం, సిద్దిపేట దగ్గరెక్కడో టీ తాగడం, మళ్లీ తెల్లారేలోపు వెనక్కి రావడం. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాకా విమానంలో నాలుగు గంటలైతే, ఇంటి నుంచి శంషాబాద్ దాకా కూడా అంతకి తక్కువ పట్టదు. రెండు దేశాల మధ్య దూరం, ఒక జిల్లా నుంచి రాజధాని దూరం దాదాపు ఒకటే అయ్యాయి.

శంషాబాద్‌తో పాటు ఇంకో దూరం కూడా వచ్చింది, కాగితం మీద. 2004లో జీఎంఆర్ సంస్థకి, కేంద్రానికి మధ్య కుదిరిన ఒప్పందంలో 150 కిలోమీటర్ల షరతు ఒకటి ఉంది. శంషాబాద్ తెరిచిన నాటి నుంచి పాతికేళ్ల పాటు, అంటే 2033 దాకా, తిన్నగా కొలిస్తే 150 కిలోమీటర్ల లోపల పోటీ విమానాశ్రయం రాకూడదు. పెట్టుబడి పెట్టినవాడికి రక్షణ అన్నమాట. వరంగల్ మామునూరు సుమారు 145 కిలోమీటర్లు. ఆ ఐదారు కిలోమీటర్ల తేడాతో మామునూరు ఏళ్లపాటు చిక్కులో పడింది. చివరికి జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పాక, 2025 ఫిబ్రవరి చివర కేంద్రం దానికి అనుమతి ఇచ్చింది.

బసంత్‌నగర్‌కి ఆ చిక్కు లేదు. 190 కిలోమీటర్లు కాబట్టి షరతుకి బయటే ఉంది. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల కోసం ఎంచిన ఆరు చోట్లలో మామునూరు, జక్రాన్‌పల్లి, ఆదిలాబాద్, కొత్తగూడెం, మహబూబ్‌నగర్ వైపు ఒక చోటుతో పాటు బసంత్‌నగర్ పేరు కూడా ఉంది. కొలతలు జరిగాయి, నివేదికలు నడిచాయి. కానీ పాత రన్‌వే మీదికి విమానం రాలేదు. ప్రభుత్వం చూపు ఇప్పుడు బసంత్‌నగర్ మీది నుంచి రామగుండం పక్కనున్న అంతర్గాం వైపు మళ్లింది. అక్కడ సాధ్యాసాధ్యాల పరిశీలనకి 2025లో అడుగు పడింది. ఈలోగా బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ కూడా చేతులు మారి, 2025లోనే అల్ట్రాటెక్‌లో కలిసింది. రన్‌వే వేయించిన యజమానే వెళ్లిపోయాడు. రన్‌వే గడ్డి మొలిచి, పగుళ్లు బారి అక్కడే ఉండిపోయింది.

* * *

అంతర్గాంలో విమానాశ్రయం వస్తే సంతోషమే. అయితే ఎలాంటిది, ఎవరికి అన్నది ఇప్పుడే అడగాలి. ఎందుకంటే ఇలాంటి కథ మనం ఒకసారి చూశాం. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద మొదటి రోజు ఎగిరిన విమానాల్లో హైదరాబాద్-కడప ఒకటి. గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి పెట్టి, హవాయి చెప్పులు వేసుకున్నవాడు కూడా విమానం ఎక్కుతాడని చెప్పారు. ఆ దారిలో విమానం నడిపిన ట్రూజెట్ సంస్థ 2022లో రెక్కలు ముడుచుకుంది. వాయుదూత్‌కి వచ్చిన రోగమే. రాయితీ ఉన్నంతకాలం ఎగురుతుంది, లేకపోతే కూలబడుతుంది.

ఈ ప్రాంతానికి హైదరాబాద్ వరకే నలభై నిమిషాల విమానం తెచ్చిపెడితే అది మళ్లీ అధికారుల విమానమే అవుతుందని నా అనుమానం. బొగ్గుగనుల పిల్లలకి కావాల్సింది రెండు. ఒకటి, గల్ఫ్‌కో ఢిల్లీకో బెంగళూరుకో పోవడానికి గుమ్మంగా పనికొచ్చే విమానం. ఆమ్‌స్టర్‌డామ్-బ్రస్సెల్స్ విమానం బతికేది కూడా ఆ గుమ్మం పని చేసే. రెండోది, అంతకంటే ముఖ్యమైనది, రైలు. 2024 సెప్టెంబర్‌లో మొదలైన నాగ్‌పూర్-సికింద్రాబాద్ వందేభారత్ రామగుండంలో ఆగుతుంది. అక్కడినుంచి సికింద్రాబాద్‌కి మూడు గంటల పైచిలుకు. దాని టికెట్టు అందరికీ అందదు, రోజుకి వచ్చేదీ పోయేదీ ఒక్కొక్కటే. ఆ దారిలో రద్దీ సంగతి అక్కడ బతికేవాళ్లకి తెలుసు. బొగ్గు పోవాలి, సిమెంటు పోవాలి, ఢిల్లీ రైళ్లు పోవాలి. ప్యాసింజర్ బండి లూపు లైన్లో నిలబడి వాటికి దారి ఇవ్వాలి.

అసలు ఇక్కడి దూరాలన్నీ ఒకచోట రాసి చూస్తే అర్థమయ్యేది ఇదే. రామగుండంలో పుట్టిన కరెంటు హైదరాబాద్ చేరడానికి రెప్పపాటు కూడా పట్టదు. మధ్యలో ఆగదు, లూపు లైన్లో నిలబడదు. బొగ్గు గనుల నుంచి ఎన్టీపీసీకి పోవడానికి దానికంటూ సొంత రైలుపట్టాలే ఉన్నాయి. రాత్రనక పగలనక వ్యాగన్లు తిరుగుతూనే ఉంటాయి. సిమెంటు బస్తా సాయంత్రం లారీ ఎక్కితే తెల్లారేసరికి నగరంలో ఏ అపార్ట్‌మెంటు పునాది దగ్గరో దిగుతుంది. నగరంలో మనం వేసుకునే ఏసీ, మన ఇంటి స్లాబు ఆ దూరాల మీదుగా వచ్చినవే. ఏ వస్తువుకి ఎంత వేగం కావాలో అంత వేగం ఎప్పుడో సమకూరింది. మనిషి వంతు వచ్చేసరికి నివేదిక దగ్గర ఆగుతుంది.

దూరాన్ని తగ్గించడం సాంకేతికంగా పెద్ద పనేం కాదని బసంత్‌నగర్ నలభై ఏళ్ల కిందే చూపించింది. పంతొమ్మిది సీట్ల చిన్న విమానం, పొట్టి రన్‌వే, నలభై నిమిషాలు. అప్పుడు కుదిరింది, ఎందుకంటే కుదరాలని కోరుకున్నవాళ్ల కాలానికి విలువ ఉంది. అంతర్గాం నివేదికలో రన్‌వే పొడవు, గుట్టల ఎత్తు, గాలివాటం, ఏడాదికి ఎంతమంది ఎక్కుతారు లాంటివన్నీ ఉంటాయి. వాటితో పాటు ఇంకో లెక్క కూడా ఉండాలి. ఖని నుంచి, మంథని నుంచి, మంచిర్యాల నుంచి దుబాయ్ పోయే ఒక కూలీ, అతన్ని సాగనంపే కుటుంబం ఏడాదికి ఎన్ని గంటలు రోడ్డు మీద పోగొట్టుకుంటున్నారు? ఆ గంటలకి కూలి కడితే ఎంతవుతుంది? ఈ లెక్క కట్టడం కష్టం కాదు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, అంతే.